మోసేవాడి తీర్పు: సైనికుడి కత్తి చరిత్ర



ఇది గురువుగారి పేరిట ఏటా జరిగే స్మారకోపన్యాసం. శాసనాలు, చెరువులు, భూమిశిస్తు, వర్తక సంఘాలు ఈ పరంపరలో ఇదివరకే చర్చకు వచ్చిన విషయాలు. వాటి సరసన సైనికుడి నడుముకు వేలాడే కత్తి కొంత పొసగనట్టు కనిపించవచ్చు. ఆయుధచరిత్ర గురువుగారికి అభిమాన విషయం కూడా కాదు. అయితే రాసుకోవడానికి తీరిక, చదువు లేనివారి చరిత్రను వారి పనిముట్లలో వెతకడం ఆయన మాకు అలవరచిన పద్ధతి. యుద్ధాల కథను సేనాధిపతులు రాసుకున్నారు, రాజులు రాయించుకున్నారు. కాలిబంటు రాసుకున్నది బహు తక్కువ. అతని మాట వినాలంటే అతను మోసిన వస్తువులను చూడాలి. వాటిలో కంచుయుగం నుంచి నేటిదాకా అతణ్ణి విడవకుండా వచ్చినది కత్తి.

సభ ముందు ఉంచదలచిన ప్రతిపాదన ఒక్కటే. కత్తికి రూపం గీసేవారు ఒకరు, దాన్ని మోసేవారు వేరొకరు. గీసేవారి ఊహలో ఎప్పుడూ ఎదురుగా శత్రువు నిలబడి ఉంటాడు. మోసేవాడి దినచర్యలో శత్రువు చేతికందే దూరంలోకి వచ్చేది అరుదు. కట్టెలు, తాళ్లు, ఆహారం డబ్బాలు, ముళ్లతీగ, మట్టి మాత్రం రోజూ ఉంటాయి. ఈ ఇద్దరి నడుమ వివాదం ప్రతి శతాబ్దంలోనూ కొత్తగా మొదలైంది. దాదాపు ప్రతిసారీ మోసేవాడిదే తుది తీర్పయింది. చంపడం ఒక్కటే పనిగా గీసిన కత్తి కొన్నేళ్లలో స్టోరుకు తిరిగి వెళ్లింది, లేదా అలంకారమై బతికింది. రోజువారీ పనుల్లో సాయపడిన కత్తి సైన్యంలో స్థిరపడింది.

తొలి దశలను త్వరగా దాటుతాను. కంచు బాకులు చాలావరకు పొట్టిగా, వెడల్పుగా ఉండడానికి లోహమే కారణం. సన్నగా, పొడవుగా పోతపోస్తే కంచు వంగిపోతుంది. ఇనుము అరుదైన రోజుల్లో అది రాజుల సొత్తు. క్రీ.పూ. 14వ శతాబ్ది నాటి తూతన్‌ఖామున్ సమాధిలో దొరికిన ఇనుప బాకు ఉల్కల లోహంతో చేసినదని, దానిలోని నికెల్, కోబాల్ట్ పాళ్లను ఎక్స్-రే పద్ధతిలో పరీక్షించి 2016లో తేల్చారు. అటువంటిది కాలిబంటు నడుముకు చేరే వస్తువు కాదు. సామాన్య సైనికులు విరివిగా ధరించిన బాకుల్లో ప్రసిద్ధమైనది రోమన్ల పూగియో. ఐబీరియా యుద్ధాలలో అక్కడి జాతుల దగ్గర చూసి రోమన్లు దాన్ని తమది చేసుకున్నారు. లీజియన్ సైనికుడికి పోరాడడానికి పొట్టి ఖడ్గం ఉండనే ఉంది. పూగియో అదనం. అయినా క్రీ.శ. 1వ శతాబ్దపు పూగియో ఒరల మీద వెండి తాపడం, ఎనామిల్ పని కనిపిస్తాయి. యుద్ధంలో రెండో వరసలో ఉండే ఆయుధానికి అంత సింగారం ఎందుకు? అది తాను ఎవరో చెప్పుకోవడానికి ధరించిన వస్తువు కూడా కాబట్టి. సీజర్ హత్య తరువాత బ్రూటస్ ముద్రించిన వెండి నాణెం మీద రెండు బాకులున్నాయి, వాటి నడుమ దాస్యవిముక్తి పొందినవాడు పెట్టుకునే టోపీ ఉంది. కత్తి చిహ్నంగా మారడం ఆధునిక రెజిమెంట్లు కనిపెట్టిన సంగతి కాదన్నమాట.

ఐరోపా మధ్యయుగంలో లోహకవచం పెరిగేకొద్దీ బాకు సన్నబడింది. కవచం అతుకుల సందుల్లోకి దిగే బిరుసైన మొన తప్ప అంచుకు పదును అక్కర్లేకపోయింది. కవచాలు పోయాక ఆ బాకులూ పోయాయి. ఒకే పనికి పుట్టిన కత్తి ఆయుష్షు ఎంతో ఇక్కడ మొదటిసారి తెలుస్తుంది.

ఇక మన దక్కన్. నేటి నిజామాబాద్ జిల్లాలోని కోనసముద్రంలో మూసలలో కాచిన ఉక్కు కోసం పర్షియా వర్తకులు వచ్చేవారు. భారత భూమిని కొలిచిన లాంబ్టన్ సర్వే బృందంలో వైద్యుడుగా, భూగర్భశాస్త్రజ్ఞుడుగా పనిచేసి 1824లో మరణించిన హెన్రీ వాయ్‌సీ అక్కడి కొలిముల పనిని కళ్లారా చూసి వివరంగా రాశాడు. ఆ వ్యాసం 1832లో బెంగాల్ ఏషియాటిక్ సొసైటీ పత్రికలో అచ్చయింది. రెండు చోట్ల దొరికే ఇనుమును పాళ్లు చూసి కలిపి, మూసకు మూతపెట్టి మట్టితో మెత్తి, గంటల తరబడి ఊది, నెమ్మదిగా చల్లారనివ్వడం వారి విద్య. ఇస్ఫహాన్ నుంచి వచ్చి సరుకు కోసం ఆ ఊళ్లో మకాం పెట్టిన వర్తకుడొకడు వాయ్‌సీకి అక్కడే తారసపడ్డాడు. డమాస్కస్ కత్తులని లోకం పిలిచిన నీటిఅలల అలుగులకు ముడిసరుకు ఈ జాతి ఉక్కే. ఇంత ఉక్కును కాచిన కమ్మరుల పేర్లు మనకు మిగలలేదు. దాన్ని కట్టుకు తిరిగిన నవాబుల పేర్లు మిగిలాయి.

దక్షిణాదిన తయారైన కటారి ప్రపంచ ఆయుధాల్లో ప్రత్యేకమైన రూపకల్పన. పిడి అడ్డంగా ఉంటుంది. పిడికిలి బిగిస్తే అలుగు ముంజేతికి కొనసాగింపుగా నిలుస్తుంది. భుజబలమంతా మొనమీదికి వస్తుంది. విజయనగరంలోనూ తరువాత తంజావూరులోనూ చేసిన కటారులకు వేళ్లను కప్పే లోహపు పడగ ఉండేది. ఐరోపా నుంచి ఓడల్లో వచ్చిన ఖడ్గాల అలుగులను కోసి వాటికి అమర్చడం కూడా మామూలే. బ్రిటిష్‌వారు చెల్లాచెదురు చేసిన తంజావూరు ఆయుధాగారపు కటారులు నేడు చెన్నై ఎగ్మూరు మ్యూజియంలోనూ విదేశాల మ్యూజియాల్లోనూ చూడవచ్చు. పనితనంలో వాటికి సాటి తక్కువ. కానీ కటారితో తాడు కోయడం కష్టం, కట్టె కొట్టడం అసాధ్యం. పొడవడం తప్ప దానికి మరో పని లేదు. క్రమంగా అది దర్బారు దుస్తుల్లో భాగమైంది, నడికట్టులో దోపుకునే హోదా అయింది. ఆధునిక సైన్యాలేవీ దాన్ని కాల్బలానికి ఇవ్వలేదు.

అదే ఉపఖండపు ఉత్తరపు అంచున కథ వేరుగా నడిచింది. 1814 నుంచి 1816 దాకా సాగిన ఆంగ్లో–గూర్ఖా యుద్ధంలో ఈస్టిండియా కంపెనీ సైన్యం ఖుక్రీని ఎదుర్కొంది. యుద్ధం ముగియకముందే, 1815లోనే, గూర్ఖాలను తన పటాలాల్లో చేర్చుకోవడం మొదలుపెట్టింది. ముందుకు వంగిన అలుగు, చివరికి పోనుపోను పెరిగే బరువు, పిడి దగ్గర చిన్న గాటు ఖుక్రీ గుర్తులు. ఒరలో దానితోపాటు రెండు చిన్న పనిముట్లుంటాయి: చిన్నపనులకు కర్ద, పదును సరిచేయడానికి, చెకుముకి కొట్టడానికి చక్మక్. నేపాల్ కొండ పల్లెల్లో అది వంటింటి కత్తి, కట్టెల కత్తి, పొలం కత్తి, బలికత్తి. యుద్ధం దాని అనేక పనుల్లో ఒకటి. రెండు శతాబ్దాలలో తుపాకులు ఎన్ని తరాలు మారాయో లెక్కపెట్టండి. భారత సైన్యంలోని గూర్ఖా రెజిమెంట్లు, బ్రిటిష్ సైన్యంలోని గూర్ఖాలు ఈనాటికీ మోస్తున్నది ఆ పల్లె కత్తినే. నా ప్రతిపాదనకు ఇంతకన్నా బలమైన సాక్ష్యం నేను చూపలేను.

తుపాకి వచ్చాక కత్తికి కొత్త స్థానం దొరికింది. 17వ శతాబ్దంలో మస్కెట్ పట్టినవాణ్ణి గుర్రపుదళం నుంచి కాపాడడానికి పక్కన బల్లెం పట్టినవాడు ఉండేవాడు. ఒకే మనిషి రెండు పనులూ చేయాలన్న ఆలోచనే బాయొనెట్. తొలి బాయొనెట్ పిడిని తుపాకి గొట్టంలోకి బిరడాలా దిగగొట్టేవారు. దిగగొట్టిన తరువాత తుపాకి పేలదు. ఆ లోపం స్కాట్లండులోని కిలిక్రాంకీ కనుమలో 1689 జులై 27న బయటపడింది. జనరల్ మెక్కే నడిపిన ప్రభుత్వ సైన్యం మీదికి డండీ ప్రభువు వెంట హైలాండ్ జనం కొండమీది నుంచి కత్తులతో పరుగున దిగారు. సైనికులు తుపాకులు పేల్చారు. బాయొనెట్లు దిగగొట్టేలోపే హైలాండర్లు మీదపడ్డారు. డండీ ఆ పోరులోనే చనిపోయాడు, గెలుపు మాత్రం అతని పక్షానిదే. అప్పటికే ఫ్రాన్సులో సైనిక ఇంజినీరు వోబాన్ గొట్టం చుట్టూ తొడిగే బాయొనెట్‌ను ముందుకు తెచ్చి ఉన్నాడు. అలుగు పక్కకు ఒదిగి ఉంటుంది, తుపాకి పేలుతూనే ఉంటుంది. 1703 నాటికి ఫ్రెంచి కాల్బలం బల్లేలను వదిలేసింది.

బల్లెం పోయింది, మంచిదే. కానీ ఈ కొత్త బాయొనెట్ అలుగు మూడు పలకలుగా ఉండేది. బిరుసుగా ఉంటుంది, సులువుగా విరగదు, లోతుగా దిగుతుంది. రొట్టె కోయదు. నూటయాభై ఏళ్లకు పైగా ఐరోపా సైనికుడు తుపాకి చివర ఒక మేకును మోశాడు. దాంతో ఏ పనీ కాకపోయేసరికి వేరే కత్తి కావలసి వచ్చింది. నెపోలియన్ కాల్బలంలో కొందరికి ఇచ్చిన బ్రికే అనే పొట్టి ఖడ్గం యుద్ధంలో కన్నా వంటచెరకు కొట్టడంలోనే ఎక్కువ పేరు తెచ్చుకుంది. ఇక బాయొనెట్ శత్రువును ఎంతమందిని గాయపరచింది? నెపోలియన్ సేనకు ప్రధాన వైద్యుడైన లారే తాను చూసిన క్షతగాత్రుల్లో బాయొనెట్ గాయాలు అతి స్వల్పమని గమనించాడు. మొదటి ప్రపంచయుద్ధపు బ్రిటిష్ వైద్య గణాంకాల్లో అవి ఒక శాతం కూడా లేవు. బాయొనెట్ గుండె మీద పనిచేసింది, శరీరం మీద తక్కువ. మెరుస్తున్న అలుగుల వరస దగ్గరపడుతుంటే ఎదుటివారు చాలాసార్లు తాకిడికి ముందే చెదిరిపోయేవారు.

19వ శతాబ్ది చివరికి సైన్యాలు కత్తి వైపు మళ్లాయి. జర్మన్లు 71/84 నమూనాతో, బ్రిటిష్‌వారు 1888 నమూనాతో బాయొనెట్‌ను పన్నెండు అంగుళాలకు కాస్త అటూఇటూ ఉండే కత్తిగా మార్చారు. కానీ గీసేవారి భయం మళ్లీ తలెత్తింది. రైఫిళ్లు పొట్టివవుతున్నాయి, ఎదుటివాడి రైఫిలూ బాయొనెట్టూ కలిపి మనదానికన్నా పొడవైతే ఎలా? ఆ లెక్కతో, జపాన్ అరిసాకా బాయొనెట్‌ను చూసి, బ్రిటన్ 1907 నమూనాకు పదిహేడు అంగుళాల అలుగు పెట్టింది. రెండు ప్రపంచయుద్ధాల్లోనూ మన సైనికులు మోసినది ఇదే. బెంగాల్‌లోని ఈశాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ కూడా వీటిని తయారుచేసింది. 1940లలో భారత ప్రభుత్వం వాటిని పన్నెండు అంగుళాలకు కోయించింది, కొత్తవి ఆ కొలతకే చేయించింది. ట్రక్కు ఎక్కిదిగేవాడికి, అడవిలో నడిచేవాడికి ఆ మిగిలిన అయిదంగుళాలు భారమే. గీసినవారి లెక్కను రంపం సరిదిద్దింది.

బ్రిటన్ మాత్రం రెండో ప్రపంచయుద్ధంలో పాత దారి పట్టింది. పొదుపు కోసం నెంబర్ 4 రైఫిల్‌కు ఎనిమిదంగుళాల ఇనుప ములికి ఇచ్చింది. తయారీ చవక, పొడవడానికి చాలు. సైనికులు దాన్ని పందులను పొడిచే చువ్వ అని ఎద్దేవా చేశారు. యుద్ధం ముగిసిన కొద్ది ఏళ్లకే దాని స్థానంలో మళ్లీ కత్తి అలుగున్న నెంబర్ 9 వచ్చింది. మూడు పలకల మేకు నేర్పిన పాఠాన్ని రెండోసారి ఖర్చుపెట్టి నేర్చుకున్నారు.

ఇక్కడ రంపపు పళ్ల కథ చెప్పక తప్పదు. ఒక వస్తువును చూసేవాడు ఒకలా, మోసేవాడు మరోలా చదువుతాడనడానికి ఇది నిదర్శనం. జర్మన్ సైన్యం తన 98/05 బాయొనెట్లలో కొన్నింటికి వెన్నుమీద రంపపు పళ్లు పెట్టించింది. అవి కొమ్మలు, కంచె గుంజలు కోసుకోవడానికి. మొదటి ప్రపంచయుద్ధం మొదలవగానే మిత్రరాజ్యాల పత్రికలు వాటిని క్రూరత్వానికి రుజువుగా చూపాయి. అనవసర యాతన కలిగించే ఆయుధాలను హేగ్ ఒప్పందాలు అప్పటికే నిషేధించాయి. ఆ ప్రచారపు ఫలితం జర్మన్ సైనికుడి మీదే పడింది. రంపం బాయొనెట్‌తో పట్టుబడితే ప్రాణం దక్కదన్న భయం కందకాల్లో పాకింది. జర్మన్ రచయిత రెమార్క్ ఆ యుద్ధం మీద రాసిన 1929 నవలలో పాతకాపులు కొత్తవారి దగ్గర అటువంటి బాయొనెట్లు ఉన్నాయేమోనని వెతికి మార్పించే సన్నివేశం ఉంది. 1917లో జర్మన్ సైన్యం రంపపు పళ్లను విరమించుకుంది. అచ్చంగా పనిముట్టుగా గీసినదాన్ని ఆయుధంగా చూసినందుకు పోగొట్టుకున్న సందర్భమిది. నా ప్రతిపాదనలో పొందికగా ఇమడని ఉదాహరణ ఇది, అయినా వదలలేను.

ఆ కందకాల్లోనే పొడవైన బాయొనెట్ పరువు పూర్తిగా పోయింది. మనిషి భుజాలు పట్టనంత ఇరుకు సొరంగాల్లో, రాత్రి దాడుల్లో నాలుగైదు అడుగుల రైఫిల్ తిరగదు. సైనికులు దొరికినదానితో పని కానిచ్చారు. ఫ్రెంచివారు ముళ్లకంచె ఇనుప గుంజలను కోసి, ఒక చివర వంచి పిడి చేసి, రెండో చివర సానపట్టి, దాన్ని ఫ్రెంచి మేకు అన్నారు. లెబెల్ రైఫిల్ బాయొనెట్లను విరిచి పొట్టివి చేసుకున్నారు. దుంగలకు మేకులు కొట్టి గదలు చేసుకున్నారు. 1917లో యుద్ధంలో దిగిన అమెరికా ఈ సంగతిని కాగితం మీదికి ఎక్కించి, మూడు పలకల అలుగు, పిడికిలికి ఇనుప రక్షణ ఉన్న ట్రెంచ్ కత్తిని ఇచ్చింది. పొడవడం తప్ప దానికేమీ రాదు. మరుసటి ఏడు వివిధ దేశాల కత్తులను పోల్చి పరీక్షించి 1918 మార్క్ 1 తయారుచేశారు. రెండంచుల అలుగు, నాలుగు వేళ్లూ దూరే ఇత్తడి పిడి, పిడి చివర తల పగలగొట్టే మొన. చూడడానికి భీకరం. కానీ వేళ్లు ఇరికించిన పిడిని మరోలా పట్టుకోవడం కుదరదు, ఒరలో పెట్టుకు పాకడమూ తేలిక కాదు. కందకాల సైనికుడు చేతిపనిగా చేసుకున్నప్పుడు అది అతని అవసరానికి సరిపోయింది. అదే వస్తువును కార్యాలయం గీసి లక్షలమందికి ఇవ్వబోయేసరికి సరిపోలేదు.

రెండో ప్రపంచయుద్ధం ఈ వివాదాన్ని ప్రయోగశాలలోలాగా స్పష్టంగా చూపింది. ఇక్కడ కొంతసేపు ఆగుతాను.

విలియం ఫెయిర్‌బేర్న్, ఎరిక్ సైక్స్ షాంఘై మునిసిపల్ పోలీసులో పనిచేసి, ఆ నగరపు సందుల్లో జరిగే కొట్లాటలు ఎరిగినవారు. 1940లో బ్రిటన్‌కు తిరిగివచ్చి కమాండోలకు శిక్షణ ఇస్తూ, ఆ ఏడాది నవంబరులో విల్కిన్సన్ స్వోర్డ్ కంపెనీతో కూర్చుని ఒక కత్తికి రూపం గీశారు. 1941 ఆరంభంలో అవి చేతికందాయి. ఏడంగుళాలకు అటూఇటూ పొడవున్న, రెండంచులా పదునున్న, సూదిలా సన్నబడే అలుగు. తడిచేతికి జారకుండా గరుకుచేసిన ఇత్తడి పిడి. ఫెన్సింగు ఆటగాడు పట్టినట్టు బొటనవేలు, చూపుడువేళ్ల మధ్య తూగాలని బరువు వెనక్కి తెచ్చారు. కాపలావాడి వెనకగా వెళ్లి చప్పుడు కాకుండా ముగించడం దాని పని. ఆ పనికి అది నిస్సందేహంగా శ్రేష్ఠమైన రూపం. చూపుకు అందమైనది కూడా. అయితే కమాండో నెలకోసారి, బహుశా జీవితంలో ఒకసారి చేసే పని అది. మిగతా రోజుల్లో అదే కత్తితో పెట్టె మూత లేపబోతే మొన విరిగేది. యుద్ధకాలపు హడావుడిలో అడ్డకమ్మీ వంపు పోయి తిన్నగా అయింది, 1943 నుంచి పిడిని ఇత్తడికి బదులు చవక మిశ్రమలోహంతో పోతపోశారు. అలుగు సూత్రం మాత్రం మారలేదు.

పసిఫిక్‌లో అమెరికన్ మెరైన్ రెయిడర్లు 1942లో అదే పోలికలో తమ కత్తిని చేయించుకున్నారు. దానికి జింక్ మిశ్రమలోహపు పిడి, సన్నని అలుగు. పసిఫిక్ దీవుల్లో ఆ రెయిడర్ కత్తికి దక్కిన మర్యాద తక్కువ. అలుగు మొనలు విరిగాయి, పిడులు పెళుసుబారాయి. అదే ఏడాది నవంబరు 23న మెరైన్ దళం మరో కత్తిని ఆమోదించింది. న్యూయార్క్ రాష్ట్రంలోని ఓలియన్‌లో యూనియన్ కట్లరీ కంపెనీ తెచ్చిన కా-బార్ అది. ఏడంగుళాల అలుగు, ఒక్క అంచుకే పూర్తి పదును, వేటగాళ్ల కత్తిలా మొన దగ్గర కొద్దిగా చెక్కిన వెన్ను. పిడికి చెక్క లేదు, లోహం లేదు. తోలు బిళ్లలను ఒకదానిమీద ఒకటి పేర్చి నొక్కి చేశారు. పిడి చివర మందపాటి ఇనుప బిళ్లతో మేకు కొట్టవచ్చు. ఇనుమును తుప్పు నుంచి కాపాడడానికీ, మెరుపు పోవడానికీ ముదురు పూత పూశారు. గొయ్యి తవ్వడానికి, కొబ్బరికాయ కొట్టడానికి, డబ్బా తెరవడానికి, తీగ తెంచడానికి అది ఆగింది. ప్రాణంమీదికి వచ్చినప్పుడు ఆయుధంగానూ ఆగింది. రెయిడర్లు తమ ప్రత్యేక కత్తులను పక్కనపెట్టి దీన్ని తీసుకున్నారు. ఒకే దళం, ఒకే సముద్రం, ఒకే యుద్ధం. రెండు ఊహల్లో దేన్ని ఉంచుకోవాలో వారే తేల్చారు.

కా-బార్ అలుగు మీద పక్కన ఒక గాడి ఉంటుంది. రక్తం కారిపోవడానికి, గాయం నుంచి కత్తి తేలిగ్గా రావడానికి ఆ గాడి అని సినిమాల ద్వారా, పుస్తకాల ద్వారా ప్రచారమైంది. అది కట్టుకథ. బిరుసు తగ్గకుండా బరువు తగ్గించడానికి ఖడ్గాల కాలం నుంచి కమ్మరులు వేస్తున్న గాడి అది. బిల్డింగుల్లో వాడే ఇనుప దూలాన్ని మధ్యలో సన్నగా చేయడం వెనుక ఉన్న తర్కమే ఇక్కడా పనిచేస్తుంది. మోసేవాడి బరువు తగ్గించిన ఏర్పాటును చూసేవాడు రక్తపాతంగా చదివాడు. రంపపు పళ్ల విషయంలో జరిగినదే మళ్లీ జరిగింది.

అమెరికన్ పదాతి సైన్యం అనుభవమూ ఇలాగే సాగింది. 1943లో వచ్చిన ఎం3 ట్రెంచ్ కత్తి అలుగు సన్నం. పారాట్రూపర్లకు, రేంజర్లకు మొదట ఇచ్చారు. పెట్టెలు, డబ్బాలు దాన్ని ఓడించాయి. 1944లో అదే రూపాన్ని కార్బైన్‌కు తొడిగే ఎం4 బాయొనెట్‌గా మార్చి, విడిగా ట్రెంచ్ కత్తి ఇవ్వడం విరమించుకున్నారు.

పనిముట్టును దాచకుండా పనిముట్టుగానే గీసిన సైన్యం స్విట్జర్లండ్. 1889 నమూనా ష్మిట్–రూబిన్ రైఫిల్ విప్పడానికి స్క్రూడ్రైవర్ కావాలి. ఆహారం డబ్బాల్లో వస్తోంది. ఈ రెండింటికీ కలిపి 1890 నమూనా సైనికుల చాకు ఇచ్చారు. అలుగు, డబ్బా తెరిచేది, స్క్రూడ్రైవర్, దబ్బనం. తొలి విడతను స్విట్జర్లండ్‌లో చేయగల కర్మాగారం లేక జర్మనీలోని జోలింగెన్ నుంచి తెప్పించారు. తరువాత ఆ తయారీ స్విస్ కత్తుల పనివాడు కార్ల్ ఎల్సెనర్ చేతికి వచ్చింది. శత్రువు ఊసే లేని సైనిక కత్తి ఇది. నా దృష్టిలో నిజాయితీ గల రూపకల్పన. దాని వారసత్వం 1983లో అమెరికాలో టిమ్ లెదర్‌మన్ అమ్మకానికి పెట్టిన పట్టకారు–చాకుదాకా వచ్చింది. ఇరాక్, అఫ్ఘానిస్తాన్ యుద్ధాల్లో సైనికుల నడుములకు అటువంటివే కనిపించాయి.

రష్యన్లు ఈ సత్యాన్ని బాయొనెట్‌లోకే తెచ్చారు. 1959లో ఏకేఎం రైఫిల్‌తో వచ్చిన బాయొనెట్ అలుగులో ఒక రంధ్రం, ఒర చివర ఒక బుడిపె. రెండింటినీ కలిపి బిగిస్తే ముళ్లతీగ తెంచే కత్తెర అవుతుంది. పిడిలోనూ ఒరమీదా కరెంటు పారని పదార్థం ఉండడంవల్ల కరెంటు పారే కంచెను కూడా కోయవచ్చు. వెన్నుమీద రంపపు పళ్లు కూడా తిరిగివచ్చాయి, ఈసారి ఎవరూ క్రూరత్వమనలేదు. 1980లలో అమెరికా తీసుకున్న ఎం9 బాయొనెట్ ఈ కత్తెరనే అనుసరించింది. బ్రిటన్ ఎస్ఏ80 బాయొనెట్ ఒరలో రంపం, సానరాయి, సీసా మూత తీసేది కూడా చేరాయి. 2010లో అమెరికన్ సైన్యం ప్రాథమిక శిక్షణ నుంచి బాయొనెట్ దాడి కసరత్తును తొలగించింది. కత్తి మాత్రం నడుముమీదే ఉంది.

మరి ఫెయిర్‌బేర్న్–సైక్స్ ఏమైంది? అది చిహ్నాల్లోకి వెళ్లింది. బ్రిటిష్ రాయల్ మెరైన్ కమాండోల చేతిపట్టీల మీద ఆ బాకు ఉంది. భారత పారా స్పెషల్ ఫోర్సెస్ ధరించే బలిదాన్ చిహ్నంలో రెక్కలతో ఉన్నది ఆ జాతి బాకే. 2019 ప్రపంచకప్‌లో మహేంద్రసింగ్ ధోనీ కీపింగ్ గ్లవ్స్ మీద ఆ చిహ్నం కనిపించి ఐసీసీ అభ్యంతరం చెప్పినప్పుడు దేశమంతా దాన్ని చూసింది. పూగియో ఒర మీది వెండి తాపడం దగ్గరికి ఈ చరిత్ర మళ్లీ వచ్చి చేరింది. సైనికుడికి చిహ్నమూ అవసరమే. దాన్ని నేను తక్కువ చేయడం లేదు. కానీ చిహ్నం చెప్పేది పటాలపు గౌరవాన్ని. దినచర్యను అది చెప్పదు.

నా వాదానికి ఎదురు నిలిచే సాక్ష్యాలున్నాయి, వాటిని దాటవేయను. 2004 మే 14న ఇరాక్‌లో డానీ బాయ్ అనే తనిఖీ కేంద్రం దగ్గర బ్రిటిష్ సైనికులు బాయొనెట్లు తొడిగి దాడిచేశారు. మనకు మరింత దగ్గరది గల్వాన్ లోయ ఘటన. వాస్తవాధీన రేఖకు రెండు కిలోమీటర్ల లోపల కాల్పులు జరపరాదని 1996 భారత–చైనా ఒప్పందం చెబుతుంది. 2020 జూన్ 15 రాత్రి ఆ లోయలో తుపాకి పేలకుండానే ఇరవైమంది భారత సైనికులు ప్రాణాలు కోల్పోయారు. వారికి నాయకత్వం వహించిన కర్నల్ సంతోష్‌బాబు సూర్యాపేటవారు. ఆయనకు మరణానంతరం మహావీరచక్ర లభించింది. చేతికి చేయి తగిలే పోరు ఈ శతాబ్దంలోనూ పోలేదని ఆ రాత్రి తెలిసింది. అయితే అక్కడ చైనా సైనికులు వాడినవి ఇనుపకడ్డీలు, మేకులు దిగగొట్టిన దుడ్డుకర్రలు. 1915 నాటి ఫ్రెంచి కందకాల వస్తుసంచయానికి వాటికి ఉన్న పోలిక చూడండి. పోరు నిజంగా ముంచుకొచ్చినప్పుడు కూడా చేతిలోకి వచ్చినవి, రూపకర్తలు శ్రమించి తీర్చిన బాకులు కావు.

చివరిగా మన చరిత్రకారుల పని గురించి. ఈ విషయం మీద సాక్ష్యం మొదటినుంచీ ఒక పక్కకు ఒరిగి ఉంది. హైదరాబాదు సాలార్‌జంగ్ మ్యూజియంలో జహంగీరు, నూర్జహాను పేర్లతో ముడిపడిన రత్నఖచితమైన పచ్చరాతి పిడుల బాకులున్నాయి. వాటిని ఎవరూ వాడలేదు, అందుకే మిగిలాయి. వాడిన కత్తి సాన పట్టీపట్టీ అరిగి, విరిగి, కొలిమిలో మరో వస్తువై పోతుంది. మిగిలిన వాటిని బట్టి చరిత్ర రాస్తే అది చంపే కత్తి, మెరిసే కత్తి చరిత్రే అవుతుంది. రెజిమెంటల్ కేంద్రాల స్టోర్లలో, మ్యూజియాల నిల్వగదుల్లో ప్రదర్శనకు నోచుకోని అరిగిన అలుగులు ఇంకా ఉన్నాయి. కొత్తదానితో పోలిస్తే వెడల్పు ఎంత తగ్గింది, వెన్నుమీద సుత్తిదెబ్బలున్నాయా, మొన ఏ పక్కకు విరిగింది, పిడిని తరువాత ఎవరు ఏ పదార్థంతో మార్చారు అన్న ప్రశ్నలతో వాటిని ఒక్కొక్కటిగా కొలిచి నమోదుచేయాలి. మన విశ్వవిద్యాలయాల చరిత్ర శాఖ ఏదైనా ఒక ఏడాది పథకంగా దీన్ని చేపట్టవచ్చు. ఆ పనికి ముందుకొచ్చే విద్యార్థులకు నా దగ్గరున్న కొలతల పుస్తకాలు, ఫోటోలు ఇచ్చేస్తాను.